కత్తికి పదునిచ్చేది నిప్పే



వైద్యవిద్య ముగించి శస్త్రచికిత్సా విభాగంలో పని నేర్చుకొంటున్న రోజులలో నేనొక తప్పు చేశాను. చాకును త్వరగా శుద్ధి చేయాలనే ఆత్రంలో దాని అలుగును స్పిరిటు దీపపు మంటలో పట్టాను. మెరిసే అంచు మొదట ఎండుగడ్డి రంగుకు తిరిగినది. పిమ్మట గోధుమ వన్నె, ఆ తరువాత ఊదా, చివరకు నీలం. ఆ రంగులను నేను ముచ్చటగా చూస్తూండగా మా పెద్ద నర్సమ్మగారు చాకును నా చేతిలోనుంచి తీసి పక్కన పడవేశారు. "ఇక ఇది కోయదు డాక్టరు బాబూ, చింపుతుంది" అన్నారు.

ఆ చాకు బరువు తగ్గలేదు, ఆకారం మారలేదు, ఉక్కు కూడా అదే. మరి అందులోనుంచి పోయినది ఏమిటి? ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ పోతే అది సుశ్రుతుని గ్రంథానికీ, మన నిజామాబాదు జిల్లాలోని ఒక గ్రామానికీ, లండను వైద్యుల బల్లల మీదకీ నన్ను తీసుకొనిపోయినది. ఈ చరిత్రను వ్రాసిపెట్టినవారిలో పలువురు వైద్యులు కావడం చేత దీనిని మీ ముందుంచడం నా విధి అనిపించినది.

ఉక్కులో జరిగేది ఏమిటి?

ఇనుములో కొద్దిపాటి కర్బనం కలిసినప్పుడు అది ఉక్కు అవుతుంది. చేతితో చేసే కత్తులకు వాడే ఉక్కులో కర్బనం సాధారణంగా నూటికి అర పాలు మొదలు ఒకటిన్నర పాళ్ల వరకు ఉంటుంది. ఉక్కును సుమారు 750 నుంచి 800 సెంటీగ్రేడు డిగ్రీల వరకు ఎర్రగా కాచినప్పుడు ఇనుప పరమాణువుల అమరిక మారుతుంది. అప్పుడు కర్బనం, వేడిపాలలో పంచదార వలె, ఆ ఇనుములో కరుగుతుంది.

ఆ ఉక్కును మెల్లగా చల్లారనిస్తే కర్బనం మరల విడివడి ఇనుముతో వేరొక సమ్మేళనంగా కూడుతుంది. అప్పుడు ఉక్కు మెత్తగా ఉంటుంది. ఎర్రగా ఉన్నదానిని ఒక్కసారిగా నీటిలో ముంచితే కర్బనానికి విడివడే వ్యవధి ఉండదు. అది ఇనుప స్ఫటికాలలోనే చిక్కుకొని వాటిని బిగదీస్తుంది. ఉక్కు అతి కఠినమవుతుంది. ఈ స్థితిని జర్మను శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ మార్టెన్స్ పేరున 'మార్టెన్‌సైట్' అంటారు.

అయితే అంత కాఠిన్యం గల ఉక్కు గాజు వలె పెళుసు. అలుగు చేయి జారి రాతినేల మీద పడితే విరుగుతుంది. అందుచేత దానిని మళ్లీ సన్నని సెగ మీద, సుమారు 200 నుంచి 300 డిగ్రీల వరకు కాచాలి. దీనినే టెంపరింగ్ అంటారు. కాచినకొద్దీ పెళుసుదనం తగ్గుతుంది, దానితోపాటు కాఠిన్యమూ తగ్గుతుంది. ఎక్కడ ఆపాలో తెలియడమే విద్య. నా స్పిరిటు దీపం ఆ హద్దును దాటినది. కత్తి చేసినవాడు ఎంతో లెక్కగా నిలిపిన గట్టిదనాన్ని నేను అర నిమిషంలో కరిగించివేశాను.

పదును తగ్గిన చాకు వలన రోగికి కలిగే నష్టం చిన్నది కాదు. పదునైన అంచు కణజాలాన్ని విడదీస్తుంది. మొద్దు అంచు దానిని నలుపుతుంది. నలిగి చచ్చిన కణజాలం సూక్ష్మజీవులకు ఆహారమై గాయం మానడం ఆలస్యమవుతుంది, మచ్చ పెద్దదవుతుంది.

సుశ్రుతుని మూడు పానములు

సుశ్రుతసంహిత సూత్రస్థానంలో శస్త్రాలను గురించి ఒక అధ్యాయమే ఉన్నది. అందులో 20 విధాల శస్త్రాలు చెప్పబడినాయి. నేర్పుగల కమ్మరి చేత శుద్ధమైన ఉక్కుతో వాటిని చేయించుకోవాలని ఆచార్యుడు విధించాడు. పిమ్మట 'పాయన' అనే ప్రక్రియ వస్తుంది. పాయన అంటే తాగించడం. ఎర్రగా కాగిన శస్త్రానికి ద్రవాన్ని తాగించడం అన్నమాట. అది మూడు విధాలు: క్షారంలో, నీటిలో, నూనెలో.

క్షారం తాగిన శస్త్రం శరీరంలో దిగబడిన బాణాలను, ఎముకలను ఛేదించడానికి. నీరు తాగినది మాంసాన్ని కోయడానికి, చీల్చడానికి. నూనె తాగినది సిరలను పొడవడానికి, స్నాయువులను ఛేదించడానికి.

నేటి లోహశాస్త్రం తెలిసినవారు ఈ విభజనను చూచి తల పంకిస్తారు. ఎర్రని ఉక్కును మంచినీటిలో ముంచగానే దానిచుట్టూ ఆవిరి పొర ఏర్పడి చల్లబడడాన్ని కొంత అడ్డుతుంది. క్షారమో లవణమో కరిగిన నీటిలో ఆ పొర త్వరగా చెదరిపోయి ఉక్కు మరింత వేగంగా చల్లబడుతుంది. నూనెలో అన్నింటికంటె నెమ్మదిగా చల్లబడుతుంది. కనుక ఎముకను ఎదుర్కొనే శస్త్రానికి గరిష్ఠమైన కాఠిన్యం, సిరలోకి దిగే సన్నని మొనకు విరగని గుణం లభిస్తాయి. సిరలో సూదిమొన విరిగితే ఏమవుతుందో శస్త్రవైద్యునికి వేరుగా చెప్పనక్కరలేదు.

పరీక్ష కూడా అక్కడే ఉన్నది. భేదించే శస్త్రపు అంచు మసూరపప్పు అంచంత, గీకే శస్త్రానికి అందులో సగం, పొడిచేదానికి వెంట్రుకంత, ఛేదించేదానికి అర వెంట్రుకంత ఉండాలి. నూరడానికి మినుముల వన్నె గల నున్నని రాయి, అంచును నిలపడానికి బూరుగు చెక్క పలక కావాలి. వెంట్రుకను కోయగలిగినప్పుడే శస్త్రాన్ని రోగి మీద ప్రయోగించాలి. వంకర, మొద్దుదనం, విరిగిన అంచు, గరుకు అంచు, మితిమీరిన లావు, సన్నదనం, పొడవు, పొట్టి అనే ఎనిమిది దోషాలను కూడా ఎన్నిచూపాడు. గరుకు అంచు ఒక్క రంపానికి మాత్రమే తగును, అది ఎముకను కోసేది కనుక.

కోనసముద్రపు మూసలు

ఇంతటి కత్తులకు తగిన ఉక్కు మన తెలుగు నేల మీదనే తయారయ్యేది. ఐరోపావారు 'వూట్జ్' అని పిలిచిన లోహం పేరు మన 'ఉక్కు' వంటి దక్షిణాది మాటకు అపభ్రంశమేనని పండితులు భావిస్తారు. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే, పారశీకంలో నీటి అలల వంటి చారలు తేలే కత్తులకు గోల్కొండ రాజ్యపు ఉక్కే పనికివస్తుందని వ్రాశాడు. అదే శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో తిరిగిన థెవెనో, ఇందల్వాయిలో కత్తులు, బాకులు, ఈటెలు విస్తారంగా తయారవుతాయని చెప్పాడు.

ఆ పనిని దగ్గరనుండి చూచి వివరంగా వ్రాసినవాడు హెన్రీ వాయ్‌సీ. ఆయన వైద్యుడు, భూగర్భశాస్త్రజ్ఞుడు, లాంబ్టన్ నడిపిన మహా త్రికోణమితి సర్వేలో ఉద్యోగి. ఆయన 1824లో మరణించాడు. కోనసముద్రం ఉక్కు గురించిన ఆయన వ్రాత 1832లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది.

వాయ్‌సీ చెప్పిన పద్ధతి ఇది. రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుములను నిర్ణీతమైన పాళ్లలో కలిపి మట్టి మూసలలో పెట్టేవారు. మూసలకు మూత మెత్తి కొలిమిలో పేర్చి, తిత్తులతో ఊదుతూ ఒక పగలు, ఒక రాత్రి కాచేవారు. చల్లారిన పిమ్మట మూసను పగలగొడితే అడుగున ఉక్కుబిళ్ల ఉండేది. పని అంతటితో ముగియదు. ఆ బిళ్లకు మట్టి చుట్టి 12 నుంచి 16 గంటలు మళ్లీ కొలిమిలో ఉంచి, చల్లార్చి, తిరిగి అదే విధంగా మూడు నాలుగు మారులు కాచేవారు. సమ్మెట దెబ్బకు లొంగేటంత మెత్తదనం వచ్చేవరకు ఇట్లా చేసేవారు.

ఆ సమయాన అక్కడ ఇస్ఫహాను నుంచి వచ్చిన వర్తకుడొకడు ఉక్కు కొనుగోలును స్వయంగా చూచుకొంటున్నాడు. ఇరవై ఏళ్ల క్రితం కూడా ఇదే పనిమీద వచ్చానని, ఈ పద్ధతిని తమ దేశంలో అనుకరింపబోయి విఫలమయ్యామని అతడు వాయ్‌సీకి చెప్పాడు. వేల మైళ్ల నుంచి ఒక మనిషి ఒక పల్లెటూరి కొలిమి దగ్గరకు రెండుసార్లు వచ్చాడంటే ఆ కమ్మరుల విద్య విలువ ఎంతటిదో మీరే ఊహించండి.

బొంబాయి వైద్యుని ఉత్తరాలు

ఇప్పుడు బొంబాయికి వెళదాం. 18వ శతాబ్దం చివరలో అక్కడ ఈస్టిండియా కంపెనీ వైద్యుడు హెలెనస్ స్కాట్ ఉండేవాడు. లండనులోని రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు ఆయన ఈ దేశపు విద్యలను గురించి ఉత్తరాలు వ్రాసేవాడు. తెగిన ముక్కుకు నుదుటి చర్మంతో కొత్త ముక్కును అతికే మన శస్త్రచికిత్స గురించి వ్రాసిన ఆ వైద్యుడే, ఆ రోజులలోనే, వూట్జ్ ఉక్కు ముక్కలను కూడా పంపాడు. కత్తి చేసే పని, కత్తికి తగిన లోహం, ఒకే కలం నుంచి లండను చేరాయి.

ఆ ముక్కలను పరీక్షించినవాడూ వైద్యుడే. సెయింట్ జార్జ్ ఆసుపత్రి వైద్యుడైన జార్జ్ పియర్సన్ 1795లో తన పరిశోధనను రాయల్ సొసైటీకి సమర్పించాడు. మశూచి టీకాను వ్యాప్తి చేయడానికి 1799లో లండనులో ఒక సంస్థను నెలకొల్పినవాడు కూడా ఈ పియర్సనే. వూట్జ్ ఉక్కేనని, అయితే అది సమ్మెటకు మిక్కిలి కష్టంగా లొంగుతుందని ఆయన తేల్చాడు.

లండనులో శస్త్రచికిత్సా పరికరాలు చేసే జేమ్స్ స్టోడార్ట్ ఆ ఉక్కుతో ఒక చిన్న చాకు చేశాడు. చీకటిలో చూస్తేనే తెలిసే మసక ఎరుపు వేడిలో ఓపికగా సాగగొట్టాడు. ఆ చాకు అంచు అతి శ్రేష్ఠమైన ఆంగ్ల ఉక్కు చాకుతో సరితూగినది. అనేక అవసరాలకు తమ దేశపు ఉక్కుకంటె ఇదే మేలని ఆయన అభిప్రాయపడ్డాడు. తరువాత శస్త్రవైద్యుల పరికరాలను, మంగలికత్తులను వూట్జ్‌తో చేస్తానని తన దుకాణం చీటీలోనే అచ్చువేయించుకొన్నాడు.

అదే ఉక్కు అనేకమంది ఐరోపా కమ్మరుల చేతిలో తునాతునకలైనది. కారణం నిప్పే. కర్బనం తక్కువగల ఇనుమును తెల్లని వేడికి కాచి కొట్టడం వారికి అలవాటు. వూట్జ్‌లో కర్బనం నూటికి సుమారు ఒకటిన్నర పాళ్లు. అంత వేడిలో దాని స్ఫటికాల సందులు కరగనారంభిస్తాయి. ఒక్క దెబ్బకు అది ఎండుమట్టిగడ్డ వలె చితికిపోతుంది. కోనసముద్రంలో గంటల తరబడి మూడు నాలుగు మారులు ఎందుకు కాచేవారో, సరుకుతోపాటు ఆ సంగతి ప్రయాణం చేయలేదు. మందు సీసా చేరినది గానీ మోతాదు చీటీ చేరలేదు.

కమ్మరి కుమారుడైన మైకేల్ ఫారడే స్టోడార్ట్‌తో కలిసి వూట్జ్ రహస్యాన్ని వెదికాడు. 1820లోనూ 1822లోనూ వారు ఉక్కు మిశ్రమాలపై వ్యాసాలు ప్రకటించారు. ఉక్కు గుణం అందులోని అల్యూమినియం, సిలికాన్ సంబంధమైన పదార్థాల వలన వచ్చినదని ఫారడే మొదట తలచాడు. అది పొరపాటు. అసలు కీలకం కర్బనపు పరిమాణంలోనూ, మెల్లగా చల్లార్చే తీరులోనూ ఉన్నదని తరువాతి వారు గ్రహించారు.

రంగులే ఉష్ణమాపకం

కొలిమి దగ్గర ఉష్ణమాపకం లేని కాలంలో కమ్మరులు వేడిని ఏ విధంగా కొలిచేవారు? నేను స్పిరిటు దీపంలో చూచిన ఆ రంగులతోనే. కాగే ఉక్కు మీద ఏర్పడే పలుచని ఆక్సైడు పొర మందం పెరిగేకొద్దీ రంగు మారుతుంది. 19వ శతాబ్దపు ఆంగ్ల పరికరాల పుస్తకాలలో ఇచ్చిన లెక్క స్థూలంగా ఇది. రక్తం తీసే సూదికత్తికి లేత ఎండుగడ్డి రంగు, అనగా సుమారు 221 డిగ్రీలు. మంగలికత్తికి, శస్త్రవైద్యుని చాకుకు 232. కలం చెక్కే చాకుకు 243. కత్తెరకు గోధుమ వన్నె, 254. భోజనపు బల్ల కత్తికి ఊదా, 277. వంగి తిరిగి నిలవవలసిన ఖడ్గానికి నీలం, 288.

చూచారా? శస్త్రవైద్యుని చాకు 232 దగ్గర ఆగవలసినది. నా చేతిలో అది ఖడ్గపు నీలాన్ని చేరినది.

షెఫీల్డులో అదే పాఠం

1913లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో హారీ బ్రియర్లీ, నూటికి సుమారు 13 పాళ్లు క్రోమియం గల తుప్పుపట్టని ఉక్కును తయారుచేశాడు. దానిని కత్తులవారికి ఇస్తే అది పదును పట్టలేదు. పదును పట్టని కత్తిని కనిపెట్టినవాడని బ్రియర్లీని ఎగతాళి చేశారు. కారణం మళ్లీ నిప్పే. మామూలు ఉక్కుకు సరిపోయే ఎరుపు వేడి ఈ ఉక్కుకు చాలదు. దీనిని సుమారు 1000 డిగ్రీల వరకు కాచి చల్లార్చాలి. ఆ సంగతి పాటించిన తరువాత అదే ఉక్కు చక్కగా కోసినది. నేడు ఆసుపత్రులలోని పరికరాలలో అధికభాగం ఆ జాతి ఉక్కువే.

వూట్జ్ అతి వేడి వలన చెడినది, బ్రియర్లీ ఉక్కు వేడి చాలక చెడినది. రెండు చోట్లా నింద లోహానికే వచ్చినది.

పరీక్షించకుండా నమ్మరాదు

చేతితో కత్తులు చేసేవారు నేటికీ కొన్ని సులభమైన పరీక్షలు చేస్తారు. సుమారు 770 డిగ్రీల వద్ద ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానుతుంది. కనుక కాగుతున్న కత్తికి అయస్కాంతం తాకించి, అంటని క్షణాన్ని గుర్తుపెట్టుకొని, మరికొంచెం కాచి ముంచుతారు. చల్లారిన అంచు మీద ఆకురాయిని నడుపుతారు. ఆకురాయి పట్టకుండా జారితే గట్టిపడినట్లు, గీత పడితే పడనట్లు. మళ్లీ కాచి నూరిన తరువాత అంచును ఇత్తడి కడ్డీ మీద వాల్చి నొక్కుతారు. అంచు వంగి తిరిగి నిలిస్తే సరిగా ఉన్నది. వంగినది వంగినట్లే ఉంటే మెత్తన. పెచ్చు ఊడితే పెళుసు. ఒక నమూనా ముక్కను విరిచి లోపలి రవ్వను కూడా చూస్తారు. సన్నగా పట్టువలె ఉంటే మేలు, ముతక పంచదారవలె ఉంటే అతిగా కాగినట్లు.

యంత్రంతో కొలిచే పద్ధతిని అమెరికాలో హ్యూ రాక్‌వెల్, స్టాన్లీ రాక్‌వెల్ రూపొందించారు. వారికి 1919లో పేటెంటు లభించినది. వజ్రపు మొనను 150 కిలోల భారంతో ఉక్కులోకి నొక్కి, అది ఎంత లోతు దిగినదో చూచి అంకె చెబుతారు. మంచి వంటింటి కత్తులు చాలావరకు 55 మొదలు 60 పైచిలుకు వరకు ఉంటాయి.

మీ ఇంటికి సంబంధించిన మాట

ఈ చరిత్ర నుంచి మీరు గ్రహించవలసిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి.

కత్తిని శుద్ధి చేయడానికి గానీ, వేడిగా కోయడానికి గానీ పొయ్యి మంటలో పెట్టకండి. మరిగే నీరు 100 డిగ్రీలు, ఆసుపత్రి ఆటోక్లేవు సాధారణంగా 121 నుంచి 134 డిగ్రీలు. అవి టెంపరింగ్ హద్దుకు చాలా దిగువన ఉంటాయి కనుక కాఠిన్యం చెడదు. తడి మాత్రం తుడవాలి, లేకుంటే అంచును తుప్పు తింటుంది.

సాన పట్టేవారి చక్రం మీద నిప్పురవ్వలు ఎగురుతూండగా అంచు నీలంగా మారితే అక్కడ పదును నిలవదు. మధ్యమధ్య నీటిలో ముంచుతూ పట్టమని మర్యాదగా అడగండి.

మొద్దుకత్తి క్షేమమని భావించకండి. దానిని బలంగా నొక్కవలసి వస్తుంది, అది జారి వ్రేలిని తెగగోస్తుంది. తెగినప్పుడు శుభ్రమైన నీటితో, సబ్బుతో కడిగి, గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. గాయం లోతుగా ఉన్నా, రక్తం ఆగకున్నా, వ్రేలు మొద్దుబారినా, వంగకున్నా వెంటనే వైద్యుని దగ్గరకు వెళ్లండి. ధనుర్వాతపు టీకా ఎప్పుడు తీసుకొన్నారో ఆయనకు చెప్పండి.

చివరిగా ఒక మాట. 19వ శతాబ్దంలో పెద్ద కర్మాగారాల చవక ఉక్కు వచ్చి పడిన తరువాత కోనసముద్రపు మూసలు చల్లారిపోయాయి. ఉత్తర తెలంగాణ గ్రామాలలో పరిశోధకులకు నేడు దొరికేవి పగిలిన మూసలు, చిట్టెపు కుప్పలు. స్కాట్, పియర్సన్, వాయ్‌సీ, ఫారడేల పేర్లు పుస్తకాలలో నిలిచాయి. బిళ్లకు మట్టి చుట్టి, నాలుగవసారి కూడా కొలిమిలో పెట్టి, ఇంకా మెత్తబడలేదని రాత్రంతా మేలుకొన్న కమ్మరి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఆపరేషను గదిలో పదునైన చాకు చేతికి వచ్చిన ప్రతిసారీ నాకు ఆ నర్సమ్మగారితోపాటు అతడు కూడా గుర్తుకు వచ్చేవాడు.

ఆరోగ్యమస్తు.